పెట్టె వాళ్ళకు, ఫ్లాపీలు మాకు

కంప్యూటర్ పెదనాన్నకు, ఫ్లాపీలు మా నాన్నకు.

మా ఇంట్లో పంపకాలప్పుడు పెద్దమనుషులు కూర్చుని మొదట చెప్పిన తీర్పు ఇది. ఇన్నేళ్లయినా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. రోలు ఒకరికి, రోకలి ఇంకొకరికి ఇవ్వాలని వాళ్ళకు తోచలేదు. తాళం ఒక వాటాలో, దాని చెవి ఇంకో వాటాలో పెట్టలేదు. ఆ తెలివంతా కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో నాకు తెలియదు. తెలియదని ఎందుకనాలి, బాగా తెలుసు. దాన్ని వాడేది ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళను అడిగి తెలుసుకోవడం పెద్దమనుషులకు నామోషీ.

వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో మాకు బట్టల దుకాణం ఉండేది. పెదనాన్న, నాన్న కలిసి నడిపేవారు. దుకాణం వెనకాలే ఇల్లు, రెండు కుటుంబాలకూ ఒకటే వంట. ఎనభైలు సగం దాటాక పెదనాన్న సరుకు కోసం హైదరాబాదు వెళ్ళి, అక్కడ ఎవరో సేటు గదిలో కంప్యూటర్ చూసి వచ్చాడు. మనకూ ఒకటి ఉండాలన్నాడు. నాన్న తలూపాడు. దుకాణంలో పెడితే దుమ్ముకు పాడవుతుందని అమ్మినవాడు చెప్పడంతో అది ఇంటి ముందు గదిలోకి, కూలర్ పక్కకు చేరింది. బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద పడకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ ఇంట్లో దానికి జరిగిన మొదటి మేలు అదే.

మగవాళ్ళ మోజు నెల తిరగకుండానే తీరింది. దుకాణం గుమాస్తా ఒకసారి తెర వైపు చూసి, కళ్ళు మంటలని చెప్పి మళ్ళీ రాలేదు. ఇంటి మగపిల్లలు ఆటలాడి, అరుచుకుని, విసిగిపోయారు. ఆ తర్వాత దాని మీద పూల గుడ్డ కప్పారు. పెద్ద గిరాకీలు ఎవరైనా ఇంటికొస్తే పెదనాన్న గుడ్డ తీసి చూపేవాడు, మళ్ళీ కప్పేవాడు. అంత ఖరీదు పెట్టి తెచ్చింది చూపించి కప్పుకోవడానికేనా అని నేను లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

మిగిలింది నేనూ, చెల్లె. చెల్లె అంటే పెదనాన్న కూతురు, నాకంటే ఏడాది చిన్నది. ఇద్దరం హనుమకొండలో ఒకే క్లాసులో బి.ఎస్సీ లెక్కలు చదివాం. ఒకే బస్సు, ఒకే టిఫిన్ డబ్బా. వేసవి సెలవుల్లో ఒకరోజు మేమే ఆ గుడ్డ తీశాం.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ కంప్యూటర్‌కు తనలో ఏదీ దాచుకునే చోటు లేదు. స్విచ్చి వేస్తే లేచి నిలబడాలన్నా దాని నోట్లో ఒక ఫ్లాపీ పెట్టాల్సిందే. ఫ్లాపీ అంటే అరచేతికంటే పెద్దదైన పలచటి నల్ల అట్ట, మధ్యలో గుండ్రటి రంధ్రం. ప్రోగ్రాములు, మనం రాసుకున్న ఫైళ్ళు, అన్నీ అందులోనే. పొయ్యి ఎంత మంచిదైనా బియ్యం లేనిదే అన్నం కాదు కదా, అంతే.

ఆ బియ్యాన్ని మా మగపిల్లలు ఎట్లా పెట్టారో చూడాలి. సగం ఫ్లాపీలు ఒక పాలిథిన్ సంచిలో కుక్కి ఉన్నాయి. ఒకటి టీవీ వెనక, ఒకటి స్టెబిలైజర్ మీద, ఒకటి బల్ల కాలు ఊగకుండా కాలి కింద. కరెంటు పోయినప్పుడు విసురుకోవడానికి వాడినదొకటి మెలిక తిరిగి ఉంది. దేని మీదా పేరు లేదు. ఒక్కదాని మీద ఉంది గానీ, అదీ బాల్ పెన్నుతో అదిమి అదిమి రాసి దాని పొట్ట చింపారు. లోపల చూస్తే ఇంకా ఘోరం. ఒకే ఆట నాలుగైదు ఫ్లాపీల్లో, ఉత్తరాలు రాసే ప్రోగ్రాం ఆటల నడుమ, ఎందుకు పుట్టించారో తెలియని ఫైళ్ళు ఎక్కడ పడితే అక్కడ. ఒకదాని పేరు ‘కొత్త’, ఇంకొకదాని పేరు ‘కొత్తకొత్త’. దుకాణంలో పట్టుచీర పక్కన తువ్వాలు పెడితే గుమాస్తాను దుమ్ము దులిపే మనుషులు, ఇంట్లో ఈ చెత్తను చూసి కిమ్మనలేదు.

ఆ వేసవంతా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. ఒక్కో ఫ్లాపీ పెట్టడం, అందులో ఏమున్నాయో తెర మీదికి రప్పించడం, పనికిరానివి చెరపడం, పనికొచ్చేవి సరైన చోటికి మార్చడం. దేన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాకు గట్టి పోట్లాటే అయింది. ఒకే జాతివి ఒకచోట ఉండాలని నా వాదం. ప్రోగ్రాములన్నీ ఒక ఫ్లాపీలో, మా ఫైళ్ళన్నీ ఒక ఫ్లాపీలో.

చెల్లె ఒప్పుకోలేదు. “గట్లయితె ఒక ఉత్తరం రాయాలంటె రెండు మూడు అట్టలు మార్చాలె. దుకాణంల పెండ్లి గిరాకీ వస్తె ఏం చేస్తరు? చీరె, జాకిటిగుడ్డ, ధోతి ఒక్కకాడ్నే పరుస్తరు. పని ఎట్లుంటదో గట్లనే పెట్టాలె అక్కా.”

ఆమె చెప్పిందే నెగ్గింది. ఉత్తరాలకు కావాల్సినవన్నీ ఒక ఫ్లాపీలో, లెక్కలకు కావాల్సినవి ఇంకో ఫ్లాపీలో, ఇట్లా సర్దాం. చీరలకు కట్టే ధర చీటీలు తెచ్చి, వెనక వైపు స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి అంటించాం. జాకెట్టు గుడ్డలొచ్చే అట్టపెట్టెలో, చీర మడతల్లో పెట్టే అట్టముక్కలు కోసి అడ్డుగా పెట్టి, అరలు చేశాం. కంప్యూటర్‌ను లేపే ఫ్లాపీకి తల్లి ఫ్లాపీ అని పేరు పెట్టాం. దాని మీద ‘ముట్టద్దు’ అని ఎర్రగా రాశాం. ప్రతి దానికీ ఇంకో ప్రతి తీసి పెట్టాలని మాకు తెలుసు. కొత్త ఫ్లాపీలు కావాలని అడిగితే, ఉన్నవి సాలవా అన్నారు.

అట్లా సర్దుతున్నప్పుడే మాకు సొంత ప్రోగ్రాం రాయాలనిపించింది. చీర రకం, రంగు కొడితే అది దుకాణంలో ఏ అరలో ఉందో తెర మీద చెప్పాలి. బేసిక్ భాషలో, వరుసకొక నంబరు వేసుకుంటూ రాశాం. వివరాలు ఫైళ్ళలోకి ఎక్కించి దాచే భాగం నాది. అడిగినదాన్ని వెతికి పట్టుకునే భాగం చెల్లెది. అది నడిచిన రోజు ఇద్దరం చేతులు పట్టుకుని గది నిండా గంతులేశాం. నాన్నను పిలిచి చూపిస్తే, “గిదంత మాకు నోటికే ఎరుక గద బిడ్డా” అని నవ్వి వెళ్ళిపోయాడు.

చదువైపోయాక ఏం చేయాలన్నది ఇద్దరికీ బెంగే. సరిగ్గా అప్పుడే హనుమకొండలో ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచారు. దాని యజమాని కాజీపేట రైల్వే కుటుంబం మనిషి. చూడ్డానికని వెళ్ళిన మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. ప్రోగ్రాం సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు.

“ఆడపిల్లల బ్యాచ్ పెడుదామనుకుంటాన్న. చెప్పేటోళ్ళు గూడ ఆడోళ్ళే ఉండాలని తల్లిదండ్రులు అంటాండ్రు. మీరు చేసిన ప్రోగ్రాం తెచ్చి ఇక్కడ నడిపి చూపుండ్రి. నడిస్తె ఇద్దరికీ పని ఇస్త” అన్నాడు.

ఇంట్లో ఒప్పుకుంటారని మేమనుకోలేదు. కానీ ఒప్పుకున్నారు. ఇద్దరూ కలిసి పోయి కలిసి వస్తారు గదా, ఫికర్ లేదన్నారు. ఇంటి గడప దాటి మా చేతులతో మేమొక పని చేస్తామన్న ఊహకే నాకు ఆకలి వేయలేదు. చెల్లె అయితే పాఠం ఎట్లా మొదలుపెట్టాలో అద్దం ముందు చెప్పుకునేది.

ఆ వారమే అన్నదమ్ములిద్దరికీ చెడింది. కారణం చెప్పను, చెప్పినా ఎవరికీ సబబుగా తోచదు. వేరుపడదామన్నారు. పెద్దమనుషులను పిలిచారు. అందరిలోకీ పెద్దవాడు, నాన్నకు మేనమామ, మేము తాత అని పిలిచే ఆయన రఘునాథపల్లి నుంచి వచ్చాడు. నడిమింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే సామానంతా తెచ్చి ఆయన ముందు పెట్టారు. బిందెలు, గంగాళాలు, బీరువాలు, కుట్టుమిషన్, రేడియో. కంప్యూటర్‌నూ, దాని పక్కన మా అట్టపెట్టెనూ పెట్టారు.

“గీ పెట్టేంది?” అన్నాడు తాత.

“కంప్యూటర్” అన్నాడు నాన్న.

“గీ అట్టలు?”

“దాని సామాను.”

“సామానుకు గూడ పైసలు బాగనే పెట్టిండ్రట గద. పెట్టె పెద్దోనికి, అట్టలు చిన్నోనికి. సమానమైంది, తియ్యుండ్రి.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాకు నోరు ఊరుకోలేదు. “తాతా, గవి విడదీస్తె రెండూ పనికిరావు” అన్నాను.

“పంచేకాడ ఆడపిల్లలు మాట్లాడద్దు బిడ్డా” అన్నాడు, నా వైపు చూడను కూడా చూడకుండా.

నేను వాటా అడిగానా? బిందె అడిగానా, బంగారం అడిగానా? ఆ పెట్టె ముందు ఒక్కరోజు బుద్ధిగా కూర్చుని ఎరుగని మనుషులు దాన్ని పంచుతుంటే, అది ఎట్లా నడుస్తుందో చెప్పబోయాను. అది తప్పైంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో. చెల్లె నన్ను పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

“తాతా, గ్యాస్ పొయ్యి ఒకరికి, సిలిండర్ ఒకరికి ఇస్తరా?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు తాత మొహం మారింది. పెద్దమనిషి తప్పు దిద్దుకోవాలంటే ఇంకో తీర్పు చెప్పాలి గదా, చెప్పాడు.

“సరే. గట్లయితె అట్టలు గూడ చెరిసగం.”

అని, మా అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, అరల అట్టముక్కలు పీకి కింద పడేసి, పేకముక్కలు పంచినట్టు పంచడం మొదలుపెట్టాడు. పెద్దోనికి ఒకటి, చిన్నోనికి ఒకటి. పెద్దోనికి ఒకటి, చిన్నోనికి ఒకటి. మేము ఏ పనికి ఏది కావాలో ఆలోచించి, పోట్లాడుకుని, ఒక వేసవంతా కూర్చుని పెట్టిన వరుస ఆయన తాంబూలం నమిలి ఉమ్మేంత సేపట్లో పోయింది. ‘ముట్టద్దు’ అని రాసిన దాన్ని బొటనవేలితో మధ్యలో పట్టుకుని మరీ ఇచ్చాడు. అన్నదమ్ములిద్దరూ తమ తమ కుప్పలు చూసుకుని, హెచ్చుతగ్గులు లేవని తృప్తి పడ్డారు. సమానంగా పాడుచేయడాన్ని న్యాయం అంటారని నాకు ఆ రోజు తెలిసింది.

కంప్యూటర్‌ను లేపే తల్లి ఫ్లాపీ మాకు వచ్చింది. మా ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పెదనాన్నకు పోయింది. పెట్టె ఎలాగూ వాళ్ళదే. రిజిస్ట్రీ కాగితాలు అయ్యేదాకా ఒకరి వస్తువు ఒకరు ముట్టుకోవద్దని, ఈ ఇంటిది ఆ ఇంటికి పోవద్దని మాట అనుకున్నారు. నాన్న మా ఫ్లాపీలను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. పెదనాన్నా అదే చేశాడు. వెనక వాకిట్లో అడ్డంగా గోడ లేచింది. చెల్లె గొంతు గోడకు అవతల వినబడేది, మనిషి కనబడేది కాదు.

నాన్నను బతిమాలాను. మా ప్రోగ్రాం ఉన్న ఒక్క ఫ్లాపీ అడుగుదామన్నాను.

“అట్టల కోసం పోయి వాళ్ళ ముంగట చెయ్యి చాపుతమా?” అన్నాడు. “వాళ్ళ గడప తొక్కద్దు. నువ్వు ఒక్కదానివే పో సెంటరుకు. వాళ్ళకంటె మనమేం తక్కువ?”

అన్న మీద పంతంతో బిడ్డ ఉద్యోగానికి ఒప్పుకున్న తండ్రి మా నాన్న. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నేను రాసింది నేను అడిగితే అది చెయ్యి చాపడం ఎట్లా అవుతుందో ఆయనను అడిగి లాభం లేదు.

ఒట్టి చేతులతో సెంటరుకు వెళ్ళి జరిగింది చెప్పాను. యజమాని నవ్వలేదు, అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. “యాదికుంటె ఇక్కడనే కూసొని మళ్ళ రాయి” అని ఒక మిషన్ చూపాడు. నా భాగం నా వేళ్ళకే గుర్తుంది, చకచకా వచ్చేసింది. వెతికే భాగం దగ్గర ఆగిపోయాను. అది చెల్లె రాసింది. ఆమె పక్కనే ఉండేది గనుక నేనెప్పుడూ దాన్ని పట్టి చూడలేదు. నాకు తోచినట్టు రాస్తే మొదట సరిగ్గా చెప్పి, తర్వాత పట్టుచీరను తువ్వాళ్ళ అరలో చూపింది. సాయంత్రానికి యజమాని గడియారం చూసి, “రేపు ఇంకోసారి చూద్దాం. తర్వాత నేను వేరేటోళ్ళను చూసుకోవాలె” అన్నాడు.

బస్సు దిగి మా ఇంటికి పోలేదు. తిన్నగా పెదనాన్న గడప ఎక్కాను. ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు.

“ఏంది బిడ్డా, గిట్లొచ్చినవ్?” అన్నాడు ఆప్యాయంగానే.

“చెల్లెతోని జర మాట్లాడాలె పెద్దబాపూ.”

“కాగితాలయ్యేదాక గీ ఇంట్లది ఏదీ ఆ ఇంటికి పోవద్దని అనుకున్నం గద.”

“నేను వస్తువు అడుగుతలేను. చెల్లెను అడుగుతాన్న.”

“నేను గూడ అదే చెప్తాన్న.”

తానేమన్నాడో ఆయనకు తట్టలేదు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడితే ఏమనేస్తానో అని గబగబా మా ఇంటి వెనక వాకిట్లోకి వచ్చాను. కొత్త గోడ ముందు నిలబడి గొంతెత్తి పిలిచాను.

“చెల్లే! వెతికే భాగం చెప్పు!”

అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. చెల్లె ఎందుకని అడగలేదు. వరుస నంబరు చెప్పి, ఆ వరుసలో ఏముందో చెప్పి, తర్వాతి నంబరుకు పోయింది. రాసుకోవడానికి లోపలికి పోయి కాగితం తెచ్చుకునే తీరిక లేదు. వాకిట్లో నీళ్ళ పొయ్యి దగ్గరున్న బొగ్గు తీసి, సున్నం ఆరీ ఆరని ఆ గోడ మీదే రాస్తూ పోయాను. ఆమె ఆగితే “తర్వాత?” అని అరిచేదాన్ని. అవతల పెదనాన్న వచ్చి, “ఏంది ఆ కేకలు, లోపటికి నడువ్!” అన్నాడు. ఇవతల నాన్న వచ్చి, “బజారంత ఇంటాంది, ఊకో!” అన్నాడు. వేరుపడ్డాక అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీద నిలబడింది అప్పుడే. చెల్లె గొంతు ఇంకా పెంచింది. చివరి వరుస చెప్పి, “అయిపోయింది అక్కా, నడిపి చూడు” అంది.

మర్నాడు అది నడిచింది. ఏ చీర అడిగినా సరైన అరే చూపింది. యజమాని తన చేత్తో ఏవేవో కొట్టి చూశాడు.

“వెతికేది బాగ రాసినవ్” అన్నాడు.

“అది నేను రాయలేదు. చెల్లె రాసింది.”

“మరి ఆమెను గూడ తీస్కరా. ఇద్దరికని ముందే అన్న గద.”

ఆ మాట పట్టుకుని మళ్ళీ పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. పాఠాలు ఏ రోజు మొదలవుతాయో, ఎట్లా పోతామో, ఎప్పుడు వస్తామో అన్నీ చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. లేచి లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు తీసిన చప్పుడైంది. నాకు ఆశ పుట్టింది. దుకాణం గుడ్డలో కట్టిన మూటతో బయటికి వచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే ఫ్లాపీలు. ఆయన వాటాకు పోయినవన్నీ ఉన్నాయి, మా ప్రోగ్రాంతో సహా.

“తీస్కో బిడ్డా. వీటి కోసం గింత తిరిగితివి. కాగితాలు కాకున్నా ఇస్తాన్న, మీ బాపుకు చెప్పు” అన్నాడు. ఎంతో పెద్దమనసు చేసినట్టు ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయన వెనక తలుపు పక్కన చెల్లె నిలబడి ఉంది.

“మరి చెల్లె?”

“దాన్నెట్ల పంపుత? వేరుపడ్డంక మీ ఇంటి పిల్ల ఎంబడి పంపితె నలుగురేమంటరు?”

మూటను ఆయన గడప మీద పెట్టేశాను. వీధిలో వాళ్ళు ఆగి చూస్తున్నారని తెలుసు, చూడనీ అనుకున్నాను.

“గివి పోతె మళ్ళ రాసుకుంట పెద్దబాపూ. చెల్లెను యాడ రాసుకోవాలె?”

ఆయన వంగి మూట తీసుకుని, లోపల బీరువాలో పెట్టి తాళం వేశాడు. సోమవారం నుంచి ఆడపిల్లల బ్యాచ్ మొదలైంది. నేనొక్కదాన్నే వెళ్ళాను.